రెండు వాహనాలు - ఒక యాత్ర

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా పూర్వ విద్యార్థుల సదస్సులో జరిగిన ప్రసంగ పాఠం)



ఇటువంటి వేదికలపై విద్యను గూర్చి, మాతృభాషను గూర్చి, వ్యవస్థాపకుల త్యాగాలను గూర్చి ప్రసంగాలు జరగడం పరిపాటి. ఈ ప్రసంగానికి ఎన్నుకున్న విషయం మోటారుసైకిలు. ఆ మాట చెవిన పడగానే తల్లిదండ్రులలో కొందరు కలవరపడడం సహజమే. కాలేజీకి వెళ్ళే కుమారుడు ఇంట ఉన్న తండ్రికి నిద్ర పట్టకపోవడానికి ఆ ఒక్క పేరు చాలు. అయితే ఇక్కడ ప్రస్తావనకు వచ్చేది కుర్రవాళ్ళ వేగం కాదు. భార్యాభర్తలిద్దరు చెరొక వాహనం నడుపుకుంటూ సాగించిన దీర్ఘయాత్ర. అందులోనూ ముఖ్యమైనది ఆ 'చెరొక' అన్న మాటే.

సాయంకాలం ఏ వీథి మొగలో నిలబడి చూసినా ఒక దృశ్యం కంటబడుతుంది. భర్త వాహనం నడుపుతూ ఉంటాడు. ముందు పెట్రోలు టాంకు మీద పెద్ద బిడ్డ, వెనుక ఒక పక్కకు తిరిగి కూర్చున్న భార్య, ఆమె ఒడిలో చిన్న బిడ్డ, చేతికి తగిలించిన కూరల సంచి. అన్యోన్య దాంపత్యానికి ఇది చక్కని చిత్రమే. అయినా ఈ చిత్రంలో అందరికంటె కష్టమైన పని చేస్తున్నది ఎవరు అని అడిగితే వెంటనే సమాధానం చెప్పడం తేలిక కాదు. భర్త చేతికి పట్టుకోవడానికి హ్యాండిలు ఉన్నది, కాలి కింద బ్రేకు ఉన్నది. ఎదురుగా గుంట వస్తున్నదని అతనికి ముందే తెలుస్తుంది. ఆమెకు కుదుపు తగిలిన తరువాతనే గుంట ఉన్నదని తెలుస్తుంది.

అమెరికాలోని న్యూయార్కుకు చెందిన క్రిస్ రాటే, ఎరిన్ రాటే దంపతులు 1999 మే 21న మొరాకో దేశంలో ఒక యాత్ర ప్రారంభించారు. ఇద్దరివీ వేర్వేరు మోటారుసైకిళ్ళు, రెండూ బి.ఎం.డబ్ల్యూ. సంస్థ తయారుచేసినవే. ఆ యాత్ర 2003 ఆగస్టు 6న న్యూయార్కులోని స్వగృహం వద్ద ముగిసింది. ఆరు ఖండాలు, 50 దేశాలు, 1,60,000 కిలోమీటర్లకు మించిన దూరం. వేర్వేరు వాహనాలపై దంపతులు సాగించిన దీర్ఘతమ యాత్రగా దీనిని గిన్నిస్ రికార్డుల గ్రంథం నమోదు చేసింది. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,000 కిలోమీటర్ల పైచిలుకు గనుక, ఆ దంపతులు భూమిని నాలుగు మార్లు చుట్టినంత దూరం తిరిగినట్లు లెక్క. ఆ నాలుగేళ్ళ నడుమనే, 2001 సెప్టెంబరు 11న, వారి స్వనగరంలోని జంట భవనాలు కూలిపోయాయి.

ఈ అంకెలను చూసి ఆశ్చర్యపడే ముందు ఒక చిన్న భాగహారం చేయడం మంచిది. గణితోపాధ్యాయులు ఈ సభలో ఉన్నారు కూడాను. మే 21 నుండి నాలుగేళ్ళు దాటి ఆగస్టు 6 వరకు 1,538 రోజులు. దూరాన్ని రోజులతో భాగిస్తే రోజుకు నూట అయిదు కిలోమీటర్ల చుట్టూ వస్తుంది. చెన్నపట్టణం నుండి కాంచీపురం వెళ్ళి, స్వామి దర్శనం చేసుకొని, కొంత దూరం వెనుకకు వచ్చినంత. కాబట్టి ఇది వేగంతో సాధించిన రికార్డు కాదు. ప్రతి ఉదయం లేచి, మూటాముల్లె కట్టుకొని, రెండు ఇంజన్లను బతికించుకొని, ఇద్దరు మనుషులు ఒకరిమీద ఒకరు విసుగుపడకుండా (లేదా విసుగుపడి కూడా) మళ్ళీ బయలుదేరడంతో సాధించినది. నాలుగేళ్ళు ఉద్యోగాలు విడిచి తిరగగల స్థోమత ఎందరికి ఉంటుంది అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. ఈ యాత్రను అందరూ అనుకరించవలసిన ఆదర్శంగా చూపడం ఈ ప్రసంగ లక్ష్యం కాదు.

ఒక వాహనం చాలు కదా, రెండెందుకు అన్నది అసలు ప్రశ్న. ఒకే వాహనంపై లోకం చుట్టిన దంపతులు లేకపోలేదు. ఆస్ట్రేలియాకు చెందిన పీటర్, కే ఫోర్‌వుడ్ దంపతులు ఒకే హార్లీ డేవిడ్సన్ మీద, భర్త ముందు, భార్య వెనుక కూర్చొని, నూరు దేశాలకు పైగా తిరిగారు. దానిలో తక్కువతనం ఏమీ లేదు. నిజానికి వెనుక కూర్చున్నవారికి లోకం కనిపిస్తుంది, నడిపేవారికి రోడ్డు కనిపిస్తుంది. కొండలను, కోటలను, పొలాలలో పనిచేసేవారిని తీరికగా చూసే భాగ్యం వెనుక సీటుదే.

రెండు వాహనాలంటే ఖర్చు రెండింతలు. పెట్రోలు, టైర్లు, చైన్లు, ఓడలపై రవాణా రుసుము అన్నీ రెండేసి. వాహనాలు రెండు రకాలవైతే విడిభాగాల సంచులు కూడా రెండు రకాలు. వీటన్నిటికంటె తలనొప్పి కాగితాలది. సొంత వాహనంతో అనేక దేశాలలో ప్రవేశించడానికి 'కార్నే' అనే పత్రాల పుస్తకం కావాలి. ఒక విధంగా చెప్పాలంటే అది మనిషికి కాక వాహనానికి ఇచ్చే పాస్‌పోర్టు. ఆయా దేశాల ఆటోమొబైల్ సంఘాలు, బ్యాంకు హామీ గాని రొక్కం గాని పుచ్చుకొని దానిని జారీ చేస్తాయి. సరిహద్దులో ప్రవేశించేటప్పుడు కస్టమ్స్ అధికారి ముద్ర వేసి ఆ పుటలో ఒక ముక్క చించుకుంటాడు, నిష్క్రమించేటప్పుడు మరొక ముక్క. నిష్క్రమణ ముద్ర పడకపోతే ఆ వాహనాన్ని దొంగచాటుగా అక్కడ అమ్ముకున్నట్లే భావించి, దిగుమతి సుంకాన్ని హామీ నుండి రాబట్టుకుంటారు. విరిగి ముక్కలైన మోటారుసైకిలునైనా సరే దేశం దాటించాలి. లేదా నాశనమైనదని అధికారుల చేత రాయించుకోవాలి. రెండు వాహనాలకు రెండు పుస్తకాలు, రెండు హామీలు. ఒక కౌంటరు వద్ద మధ్యాహ్న భోజనవేళ దాటి ఇద్దరూ చెరొక పుస్తకం పట్టుకొని నిలబడి ఉండడమే ఇటువంటి యాత్రలలో తరచు కనిపించే దాంపత్య దృశ్యం. ఆ పుస్తకం మీద ఆమె పేరే ఉంటుంది, ఆ కౌంటరు వద్ద ఆమే సంతకం చేయాలి. 'ఫలానావారి భార్య' అన్న హోదాతో సరిహద్దు దాటడానికి అక్కడ వీలు లేదు.

ఇక రోడ్డు మీద జరిగే వ్యవహారం ఇంకా ఆలోచింపదగినది. ఇద్దరు రెండు వాహనాలపై వెళుతున్నప్పుడు మాట వినిపించదు. ఈనాడు శిరస్త్రాణంలో అమర్చుకొనే మాటలాడే యంత్రాలు వచ్చాయి గాని, అంతకు పూర్వం చేతి సైగ, హారను, దీపం, అద్దం, ఇవే భాష. ఒకరి వెనుక ఒకరు తిన్నగా పోరాదు. ముందువారు దారికి ఒక పక్క, వెనుకవారు మరొక పక్కగా, కనీసం రెండు సెకన్ల ఎడం ఉంచి సాగాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే ముప్పదిమూడు మీటర్లు. మట్టిదారిలో అయితే ముందు వాహనం లేపిన దుమ్ము వెనుకవారి కళ్ళలో పడుతుంది గనుక ఆ ఎడం ఇంకా పెంచాలి. మరీ దగ్గరైతే ఢీకొంటారు, మరీ దూరమైతే విడిపోతారు. పెళ్ళిపీటల మీద ఇటువంటి సూత్రం ఏదీ చెప్పినట్లు లేదు.

ముందు ఎవరుండాలి అన్నదానికి అనుభవజ్ఞులు చెప్పే సమాధానం వినసొంపుగా ఉంటుంది. ఇద్దరిలో నెమ్మదిగా నడిపేవారు ముందుండాలి. బలహీనులను వెనుక వేసుకొని దూసుకుపోతే, వారు అందుకోవాలన్న తపనతో తమ శక్తికి మించిన వేగంతో మలుపు తిరిగి పడిపోతారు. నెమ్మదివారే ముందున్నప్పుడు యాత్ర మొత్తం వారి వేగంతో సాగుతుంది. వెనుకవారికి కొంత ఓర్పు కావాలి, అంతే. ఇక రెండవ నియమం. ముందున్నవారు ఏ కూడలి వద్దనైనా మలుపు తిరిగే ముందు అద్దంలో వెనుకవారు కనిపించేదాకా ఆగాలి. దారి తప్పకుండా చూసే బాధ్యత వెనుకవారిది కాదు, ముందువారిది. అద్దంలో రావలసిన దీపం రాకపోతే నిమిషం చూస్తారు, రెండు నిమిషాలు చూస్తారు, ఆ తరువాత వాహనం వెనుకకు తిప్పుతారు. పంక్చరు కావచ్చు, పెట్రోలు అయిపోయి ఉండవచ్చు, కేవలం ఒక చెట్టు కింద పూసిన పూలను చూస్తూ ఆగి ఉండవచ్చు. వెనుకకు తిరిగి వెళ్ళేవరకు ఏదీ తెలియదు.

రెండు వాహనాలవల్ల ప్రమాదం రెండింతలు అన్న వాదం కూడా ఉన్నది, అది అబద్ధం కాదు. పడడానికి ఇద్దరున్నారు. కాని ఒక యంత్రం ఆగిపోతే రెండవది ఉన్నది. ఒకదాని బ్యాటరీతో మరొకదానిని మేల్కొలపవచ్చు, ఒక టాంకులోని పెట్రోలు గొట్టంతో రెండవదానికి పోయవచ్చు, తాడు కట్టి తదుపరి ఊరిదాకా లాగవచ్చు, లేదా ఒకరు సామాను వద్ద ఉండి మరొకరు సహాయానికి పోవచ్చు. భర్తకు జ్వరం వస్తే భార్య నడపగలదు, అదీ నిన్న నేర్చుకొని కాదు. సామానుతో కలిసి రెండు వందల కిలోల చుట్టూ తూగే యంత్రం నేల మీద పడితే ఆడవారు ఎలా ఎత్తుతారు అని తరచు అడుగుతారు. భుజబలంతో ఎత్తేవారు మగవారైనా నడుము విరగగొట్టుకుంటారు. సీటుకు వీపు ఆనించి, ఒక చేత హ్యాండిలు, మరొక చేత వెనుక చట్రం పట్టుకొని, మోకాళ్ళు వంచి కాళ్ళ బలంతో చిన్న అడుగులతో వెనుకకు నెట్టుకుంటూ నిలబెట్టాలి. తెలిసినవారికి అది విద్య, తెలియనివారికి మాత్రమే అది బరువు.

ఇదంతా ఈ కాలపు వింత అనుకొనేవారి కోసం నూరేళ్ళు వెనుకకు వెళ్ళవలసి ఉన్నది. అక్కడ కనిపించేవారు దంపతులు కారు, అక్కచెల్లెళ్ళు. ఆగస్టా వాన్ బ్యూరెన్, అడిలైన్ వాన్ బ్యూరెన్ 1916 జూలైలో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్ నుండి చెరొక మోటారుసైకిలుపై పడమటి తీరానికి బయలుదేరారు. ఆ యంత్రాల పేరు 'ఇండియన్'. పేరుకూ భారతదేశానికీ ఏ సంబంధమూ లేదు, అది మాసచూసెట్స్ రాష్ట్రంలోని ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. అప్పటికి ఐరోపాలో మొదటి ప్రపంచ సంగ్రామం సాగుతున్నది, అమెరికా ఇంకా అందులో దిగలేదు. దిగవలసి వస్తే సైన్యంలో వార్తాహరులుగా మోటారుసైకిళ్ళు నడిపే పని స్త్రీలు చేయగలరు, తద్వారా పురుషులను ఇతర విధులకు పంపవచ్చు అని నిరూపించడం ఆ సోదరీమణుల సంకల్పం.

రోడ్లు అప్పటికి చాలాచోట్ల బండిజాడలే. వానకు బురద, ఎండకు దుమ్ము. కొలరాడోలో 14,000 అడుగులకు మించిన ఎత్తుగల పైక్స్ పీక్ శిఖరాన్ని వారు తమ వాహనాలతో అధిరోహించారు. మోటారు వాహనంపై ఆ శిఖరాన్ని చేరిన తొలి స్త్రీలు వారే. సాల్ట్ లేక్ నగరం దాటిన తరువాత ఎడారిలో దారి తప్పి, నీరు అయిపోయి, ఖనిజాల కోసం తిరిగే ఒక బాటసారి కంటబడి బతికి బయటపడ్డారు. అయినా వారిని అడుగడుగునా ఆపినది ఎడారి కాదు, పర్వతం కాదు. చిన్న చిన్న ఊళ్ళలో పోలీసులు వారిని పలుమార్లు నిర్బంధించారు. నేరం, తోలు పాంట్లాములు ధరించడం, అంటే పురుష వేషం. సుమారు 5,500 మైళ్ళు, రెండు నెలల ప్రయాణం తరువాత వారు పసిఫిక్ తీరం చేరారు. అనంతరం వార్తాహరి ఉద్యోగం కోసం అడిలైన్ పెట్టుకున్న దరఖాస్తును సైన్యం తిరస్కరించింది. ఆ దేశమంతటా స్త్రీలకు వోటుహక్కు 1920లో గాని రాలేదు. అడిలైన్ తరువాత న్యాయశాస్త్రం చదివింది, ఆగస్టా విమానం నడపడం నేర్చింది. సరిగ్గా 86 ఏళ్ళకు, 2002లో, అమెరికా మోటారుసైకిలు సంఘం వారి పేర్లను తన ప్రఖ్యాతుల జాబితాలో చేర్చి గౌరవించింది. తిరస్కరించినవారి పేర్లు ఎక్కడా నమోదైనట్లు లేదు.

మరొక యాత్రను కూడా పేర్కొనవలసి ఉన్నది. జిమ్ రోజర్స్ అనే అమెరికా పెట్టుబడిదారు, ఆయన సహచరి టాబిథా ఎస్టబ్రూక్, 1990లో ఐర్లండు పడమటి అంచు నుండి రెండు మోటారుసైకిళ్ళపై బయలుదేరి 1992 వరకు ఆరు ఖండాలు తిరిగారు. వారు దంపతులు కారు. ఆ యాత్రపై రోజర్స్ రాసిన 'ఇన్వెస్ట్‌మెంట్ బైకర్' 1994లో వెలువడి లోకప్రసిద్ధి పొందింది. పుస్తకం ఆయనది గనుక ఆమె యాత్ర కూడా ఆయన అద్దంలో కనిపించినంత మేరకే పాఠకులకు తెలుస్తుంది. వాహనం వేరైనా కలం ఒక్కటే అయినప్పుడు అటువంటి లోటు తప్పదు.

దేశాంతర కథలు అలా ఉండగా, తెలుగునాటి ఉదాహరణ ఒకటి సభాసదులలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 2018లో హైదరాబాదు నుండి నలుగురు మహిళలు నాలుగు మోటారుసైకిళ్ళపై బయలుదేరి మయన్మారు, థాయిలాండు, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలు చూసి వచ్చారు. వారిలో ఒకరు ఆ తరువాత హైదరాబాదులో స్త్రీలకు వాహనం నడపడం నేర్పే సంస్థనే నెలకొల్పారు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. గేర్లున్న మోటారుసైకిలు నడపడానికి పదునెనిమిదేళ్ళు నిండాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం శాసిస్తున్నది. 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బిడ్డ వాహనం నడిపి నేరం చేస్తే తండ్రికి గాని, వాహన యజమానికి గాని మూడేళ్ళ వరకు కారాగారం, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. తొమ్మిదవ తరగతి కుమారునికి తాళం చేతికిచ్చి, ఎంత బాగా నడుపుతున్నాడో అని మురిసే తండ్రులు, డిగ్రీ పూర్తిచేసిన కుమార్తె నేర్చుకుంటానంటే ప్రమాదమని వారించడం చాలా ఇళ్ళలో జరిగేదే. ప్రమాదం మీద నిజంగా భయముంటే ఆ భయం కుమారుని విషయంలో ముందు పుట్టాలి.

నేర్చుకొనే వయసుకు తగిన వాహనం సైకిలు. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు ఇచ్చే పథకం ప్రారంభించింది. కార్తిక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు దానిని పరిశీలించి, ఉన్నత పాఠశాలలో బాలికల చేరిక 32 శాతం పెరిగిందని 2017లో ప్రకటించారు. సైకిలు పాఠం చెప్పదు. బడికీ ఇంటికీ మధ్య ఉన్న దూరాన్ని బాలిక చేతికి ఇస్తుంది, అంతే.

దానికంటె చాలా ముందే, ఈ తమిళనాటనే, పుదుక్కోట్టై జిల్లాలో జరిగినది చెప్పి ఈ ప్రసంగాన్ని ముగించడం ఉచితం. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం 'అరివొలి ఇయక్కం' పేర ఆరంభమైనది. అప్పటి జిల్లా కలెక్టరు శ్రీమతి షీలా రాణి చుంకత్. స్త్రీలకు అక్షరాలతోపాటు సైకిలు కూడా నేర్పాలన్నది ఆమె ఆలోచన. వ్యవసాయ కూలీలు, రాతి క్వారీలలో పనిచేసేవారు, గ్రామ నర్సులు, బాలవాడి ఉపాధ్యాయినులు ఆదివారాలు శిక్షణ శిబిరాలకు వచ్చారు. ఊరిలో నవ్వినవారు నవ్వారు. 1992 మహిళా దినోత్సవం నాడు పదునైదు వందలమందికి పైగా స్త్రీలు పుదుక్కోట్టై వీథులలో సైకిళ్ళతో ఊరేగారు. ఒక లక్షమందికి పైగా సైకిలు నేర్చుకున్నారు. సైకిలు వచ్చిన తరువాత వారు బస్సుకోసం కాచుకోవడం మానేశారు, నీళ్ళు తెచ్చుకోవడానికైనా, పండిన కూరలు అమ్ముకోవడానికైనా భర్తో, అన్నో, కొడుకో తీసుకువెళ్ళేదాకా ఆగవలసిన అవసరం పోయింది.

ఆ రోజులలో అంగళ్ళలో స్త్రీల సైకిళ్ళు చాలక, చాలామంది పురుషుల సైకిళ్ళే కొన్నారు. దొరకక కొన్నవారు కొందరైతే, కావాలనే కొన్నవారు మరికొందరు. పురుషుల సైకిలుకు సీటు నుండి హ్యాండిలు వరకు అడ్డంగా ఒక ఇనుపకడ్డీ ఉంటుంది. స్త్రీల సైకిలుకు అది ఉండదు. ఆ కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చునని వారు చెప్పారు.